కిడ్నీ వైద్యంలో వీడియో కాల్ ముఖ్యం కాదు

టెలిమెడిసిన్ అనగానే ఫోను తెర మీద డాక్టరు ముఖం గుర్తొస్తుంది. కిడ్నీ జబ్బులో మాత్రం ఆ ముఖానికి అంత పెద్దపీట అక్కర్లేదు. ఈ జబ్బు నొప్పి లేకుండా, బయటపడకుండా ఏళ్ల తరబడి ముదురుతుంది. దాని జాడ ముఖ్యంగా దొరికేది రక్తంలో కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థమైన క్రియాటినిన్‌లో, మూత్రంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌లో. ఆ అంకెలు ఎటు కదులుతున్నాయో ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి. డిజిటల్ వైద్యం అసలు అక్కరకొచ్చేది ఆ పనికే.

ఒక వ్యక్తి క్రియాటినిన్ కొన్నేళ్లలో డెసిలీటరుకు 0.8 నుంచి 1.2 మిల్లీగ్రాములకు పెరిగిందనుకుందాం. పురుషుల విషయంలో చాలా ల్యాబుల లెక్కన రెండూ సాధారణమే, రిపోర్టులో ఏ హెచ్చరికా కనబడదు. కిడ్నీల వడపోత శక్తి మాత్రం ఉజ్జాయింపుగా మూడో వంతు తగ్గినట్టే. నేటి కాగితం ఒక్కటే చూసే డాక్టరుకు ఇది అందదు. పాత ఫలితాలన్నిటినీ వరుసగా పేర్చే కంప్యూటర్ ఇట్టే పట్టేస్తుంది. తూర్పు లండన్‌లో చేసింది ఇలాంటి పనే. వడపోత శక్తి పడిపోతున్నవారిని కుటుంబ వైద్యుల రికార్డుల నుంచి ఏరి చూపించారు. కిడ్నీ నిపుణులైన నెఫ్రాలజిస్టులు ఆ రికార్డు చదివి సలహా రాశారు. ఎందరికో ఆసుపత్రి మెట్లెక్కే పని తప్పింది. వీడియో ఊసే లేదు.

అలాగని లెక్కను గుడ్డిగా నమ్మలేం. క్రియాటినిన్ అంకె నుంచి వడపోత శక్తిని లెక్కగట్టేందుకు అమెరికాలో విరివిగా వాడిన ఒక సూత్రం నల్లజాతీయుల వడపోత శక్తిని దాదాపు 16 శాతం ఎక్కువగా చూపేది. దాంతో జబ్బు తీవ్రత తక్కువగా కనబడేది. 2021లో గానీ కొత్త సూత్రం రాలేదు.

ఇంట్లో చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ (పొట్టలోకి గొట్టంతో ద్రవం పంపి, వ్యర్థాలతో సహా తిరిగి తీయడం) ఇంకా మంచి ఉదాహరణ. రాత్రంతా నడిచే యంత్రం ఎంత ద్రవం లోపలికి వెళ్లింది, ఎంత బయటికొచ్చింది, రోగి ఏ రాత్రి చికిత్స మానేశాడు అన్నీ ఆసుపత్రికి పంపగలదు. ద్రవం నెమ్మదిగా బయటికొస్తుంటే గొట్టంలో ఏదో అడ్డుపడిందని రోగికంటే ముందే నర్సుకు తెలియవచ్చు.

అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఇంటి డయాలసిస్ రోగుల నెలవారీ సంప్రదింపులను 2019 నుంచి దూరం నుంచే జరపనిచ్చింది. అయితే మొదటి 3 నెలలూ నెలనెలా, తర్వాత కనీసం 3 నెలలకోసారి నేరుగా చూడాలని షరతు పెట్టింది. నాకది సబబుగానే తోస్తుంది. కాలి వాపును వేలితో నొక్కి చూడాలి. ఫిస్టులాలో (రక్త డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపి చేసిన చోటు) రక్తప్రవాహపు అదురు చేతికి తగలాల్సిందే, ఏ కెమెరాకూ అది అందదు.

యాప్‌లు తయారుచేసేవారు తరచూ మరచిపోయే సంగతి మరొకటుంది. కిడ్నీలు దెబ్బతినడానికి ప్రధాన కారణమైన మధుమేహం కంటి రెటీనానూ దెబ్బతీస్తుంది. చిన్న అక్షరాలతో, నాలుగైదు మెనూలతో నిండిన తెర ఇచ్చి రోజూ బీపీ, బరువు నమోదు చేయమంటే ఆ రోగి ఏం చేయగలడు? అతను మానేస్తే నిర్లక్ష్యమని మనమే ముద్ర వేస్తాం.

ఇక డబ్బు సంగతి. యంత్రాలకు, సాఫ్ట్‌వేర్‌కు బడ్జెట్ తేలిగ్గానే దొరుకుతుంది, వచ్చిన సమాచారం చదివే నర్సు జీతం దగ్గరే పేచీ. రాత్రి 2 గంటలకు వచ్చిన హెచ్చరికను ఎవరు చూడాలి, ఎంతసేపట్లో రోగికి ఫోను చేయాలి, ఆ గంటలకు ఎవరు చెల్లించాలి అన్నవి యంత్రం కొనే ఒప్పందంలోనే రాసి ఉండాలి.