మౌనం పూర్తి అంగీకారం

మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలు అన్నారు. మిగిలిన సగం ఎక్కడ దొరుకుతుందో వాళ్లకు తెలియలేదు పాపం. ఆ సగాన్ని వెతికి పట్టుకుని ప్రభుత్వాల చేతిలో పెట్టిన మహానుభావుడు ఇంగ్లండు తత్వవేత్త జాన్ లాక్. ప్రజల సమ్మతి లేని పాలన పాలనే కాదని చాటినందుకు ఆయనకు జరగవలసిన పూజలు మూడు శతాబ్దాలుగా జరుగుతూనే ఉన్నాయి. ఆ సమ్మతిని ఎవరినీ అడగకుండా సేకరించే పద్ధతిని కనిపెట్టినందుకు మాత్రం ఆయనకు రావలసినంత కీర్తి రాలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

లాక్‌కు ముందు, పాలకుడికి పాలించే హక్కు ఎక్కడిదో చెప్పే ఈ శాస్త్రం చాలా మోటుగా ఉండేది. 1653లో చనిపోయి, 1680లో అచ్చులోకి వచ్చిన సర్ రాబర్ట్ ఫిల్మర్ లెక్క ప్రకారం దేవుడు లోకాధిపత్యాన్ని ఆదాముకు ఇచ్చాడు, అది తండ్రి నుంచి కొడుకుకు సంక్రమిస్తూ చివరికి రాజుల చేతికి వచ్చింది. మధ్యలో కొన్ని వేల ఏళ్ల వంశవృక్షం కనబడకపోవడం చిన్న విషయం. 1651లో ‘లెవయతన్’ వెలువరించిన థామస్ హాబ్స్ ఇంకాస్త ముక్కుసూటి మనిషి. భయపడి చేసుకున్న ఒప్పందమూ ఒప్పందమేననీ, ప్రాణం దక్కించుకోవడానికి దొంగకు డబ్బిస్తానని మాటిస్తే, చట్టం విడిపించేదాకా ఆ బాకీ బాకీయేననీ ఆయన రాశాడు. లాక్ సంస్కారవంతుడు. కత్తి చూపించి అడగడం ఆయనకు నచ్చలేదు. అసలు అడగడమే ఆయనకు నచ్చలేదని తర్వాత తెలుస్తుంది.

1683లో హాలండుకు పారిపోయిన లాక్, రాజు రెండవ జేమ్స్ దేశం విడిచి పారిపోయాక, 1689 ఫిబ్రవరిలో, కాబోయే రాణి మేరీ ప్రయాణించిన ఓడలోనే ఇంటికి చేరాడు. ఆ ఏడాది చివర ఆయన ‘టూ ట్రీటిసెస్ ఆఫ్ గవర్నమెంట్’ (ప్రభుత్వం మీద రెండు గ్రంథాలు) రచయిత పేరు లేకుండా వెలువడింది. మనుషులందరూ స్వభావరీత్యా స్వేచ్ఛాపరులనీ, సమానులనీ, తన సమ్మతి లేకుండా ఎవరినీ మరొకరి రాజ్యాధికారానికి లోబరచకూడదనీ అందులో ఉంది. ఏ బిడ్డా ఏ దేశానికీ పుట్టుకతో ప్రజ కాదని రెండవ గ్రంథం 118వ పరిచ్ఛేదం ప్రకటిస్తుంది. ఇంత గంభీరమైన మాట చదివిన అమాయకుడికి ‘మరి నేనెప్పుడు ఒప్పుకున్నాను?’ అనే సందేహం రావడం సహజం. ఆ సందేహాన్ని ఒక్క పరిచ్ఛేదం కంటే ఎక్కువసేపు బతకనివ్వకపోవడం లాక్ గొప్పతనం. 119వ పరిచ్ఛేదం ప్రకారం తరతరాలకు చెందే భూమి ఉన్నవాడు ఒప్పుకున్నట్టే, ఒక్క వారానికి గది అద్దెకు తీసుకున్నవాడు ఒప్పుకున్నట్టే, ఊరికే రహదారి మీద స్వేచ్ఛగా నడిచిపోయేవాడూ ఒప్పుకున్నట్టే, చివరికి ఆ రాజ్యపు సరిహద్దుల్లో ఉండడమే ఒప్పుకోవడంతో సమానం. అంటే బిడ్డ ఏ ప్రభుత్వానికీ చెందని సంపూర్ణ స్వతంత్రుడిగా ఉండేది ఊహ వచ్చి వీధిలోకి అడుగు పెట్టేదాకా మాత్రమే. గుమాస్తా లేడు, దస్తావేజు లేదు, సాక్షి సంతకాలు లేవు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద ఒప్పందం చరిత్రలో మరొకటి కుదిరిందని నేను అనుకోను.

ఈ రహదారికి ఒక పూర్వచరిత్ర ఉంది. 1647 అక్టోబరు చివర, అంతర్యుద్ధంలో రాజును ఓడించిన సైన్యం లండన్ పక్కన పుట్నీలో కూర్చుని ఓటు ఎవరికి ఇవ్వాలో వాదించుకుంది. ఇంగ్లండులో అతి పేదవాడికి కూడా గొప్పవాడిలాగే బతకవలసిన బతుకొకటి ఉందనీ, కాబట్టి తన సమ్మతితోనే అతడు ప్రభుత్వం కిందికి రావాలనీ కర్నల్ రెయిన్స్‌బరో అన్నాడు. అదే సైన్యపు మరో అధికారి హెన్రీ ఐర్టన్ దానికి ఓపికగా బదులిచ్చాడు. ఈ నేల మీద పుట్టినందుకు గాలి, నిలువ నీడ, రహదారుల మీద తిరిగే స్వేచ్ఛ ఇవ్వవచ్చు గాని, రాజ్యంలో స్థిరమైన ఆస్తి లేనివాడికి పాలనలో వాటా ఎక్కడిది? ఐర్టన్ ఓటుకు బదులుగా రహదారి ఇచ్చాడు. నలభై ఏళ్ల తర్వాత లాక్ ఆ రహదారి మీద రసీదు రాయించుకున్నాడు.

ఇంత చక్కని ఏర్పాటు మీద కూడా తప్పులెన్నేవాళ్లు ఉంటారు. స్కాట్లండుకు చెందిన డేవిడ్ హ్యూమ్ 1748లో ఒక పేచీ పెట్టాడు. నిద్రపోతున్న మనిషిని మోసుకెళ్లి ఓడలో పడేశారనుకోండి, బయటికి దూకితే సముద్రంలో చావడం తప్ప దారి లేదు కనుక, ఓడలో ఉన్నందుకే అతడు నౌకాధిపతి అధికారాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడని అంటామా? పరాయి భాష రాని, ఏ రోజు కూలితో ఆ రోజు గడుపుకునే పేదవాడికి దేశం విడిచిపోయే స్వేచ్ఛ ఉందని ఎలా అంటాం? హ్యూమ్ చదువుకున్నవాడే గాని 121వ పరిచ్ఛేదాన్ని శ్రద్ధగా చదివినట్టు లేదు. మౌనంగా ఒప్పుకున్నవాడు తన ఆస్తి వదులుకుని మరో రాజ్యంలో చేరవచ్చనీ, లేదా ఎవరి స్వాధీనంలోనూ లేని ఖాళీ చోటు చూసుకుని కొత్త రాజ్యం పెట్టుకోవచ్చనీ లాక్ ఉదారంగా అనుమతించాడు. ఖాళీ చోటు ఎక్కడుందనే బెంగ కూడా అక్కర్లేదు. అమెరికా ఉంది. అక్కడ జనం ఉన్న మాట నిజమే, అయితే దున్నకుండా, సాగు చేయకుండా వదిలేసిన వెయ్యి ఎకరాలు అక్కడి ‘దరిద్రులైన’ నివాసులకు ఇంగ్లండు డెవన్‌షైర్‌లోని పది ఎకరాలంత సుఖమైనా ఇస్తాయా అని లాక్ అడిగాడు. సరిగా దున్నని జనం సరిగా ఉన్నట్టు కాదు.

ఆ ఖాళీ సంగతి ఆయనకు దగ్గరగా తెలుసు. అమెరికాలోని కరోలినా వలస యజమానులకు ఆయన కార్యదర్శిగా పనిచేశాడు. 1669లో ఆ వలసకు సిద్ధమైన రాజ్యాంగంలో ఆయన పాలు ఎంత అనేది పండితులు ఇంకా తేల్చుకోవలసిన విషయం. అందులో స్వేచ్ఛాపరుడైన ప్రతి కరోలినా పౌరుడికీ తన నీగ్రో బానిసల మీద సంపూర్ణాధికారం రాసిపెట్టారు. బానిసల వ్యాపారం చేసే రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో లాక్ పెట్టుబడి కూడా పెట్టాడు. ఆ బానిసలు రహదారి మీద నడిచి రాలేదు, ఓడల అడుగున వచ్చారు. వాళ్ల సమ్మతి ప్రస్తావన ఎక్కడా రాకపోవడానికి కారణం బహుశా అదే.

స్వదేశపు రహదారుల మీద మాత్రం ఆయన దృష్టి చివరిదాకా సడలలేదు. 1696లో ఏడాదికి వెయ్యి పౌండ్ల జీతంతో వాణిజ్య మండలిలో చేరిన లాక్, మరుసటి ఏడాది పేదల సమస్యకు పరిష్కారం రాశాడు. పేదరికానికి కారణం తిండి కొరతా కాదు, పని కొరతా కాదు, క్రమశిక్షణ సడలి నడవడి చెడడమే. అందుచేత తీరప్రాంత జిల్లాల్లో అనుమతిపత్రం లేకుండా తన పారిష్ (ఒక చర్చి పరిధిలోని ఊరు) దాటి బిచ్చమెత్తే పద్నాలుగు నుంచి యాభై ఏళ్ల మగవాడిని పట్టుకుని, రాజుగారి ఓడ వచ్చేదాకా వెట్టిపని చేయించి, ఆపైన మూడేళ్లు ఆ ఓడలో కొలువు చేయించాలి. దొంగ అనుమతిపత్రం రాస్తే మొదటిసారి చెవులు కోయాలి, రెండోసారి వలస తోటలకు పంపాలి. మూడేళ్లు దాటిన పేద పిల్లలను పనిబడుల్లో పెట్టి కడుపునిండా రొట్టె ఇవ్వాలి. చలికాలంలో, అవసరమనిపిస్తే, పలచని వేడి జావ కూడా పోయవచ్చు. గది వెచ్చబెట్టే నిప్పు మీదే ఆ కుండ మరుగుతుంది కనుక అదనపు శ్రమ ఉండదని లాక్ విడమరిచి చెప్పాడు. ప్రకృతిసిద్ధమైన హక్కులను వివరించిన కలమే కట్టెల ఆదానూ పట్టించుకోవడం నన్ను కదిలించింది. ఈ పథకాన్ని చట్టంగా చేయని పార్లమెంటు కాఠిన్యానికి ఏం చెప్పాలి?

ఇప్పుడు రెండు సిద్ధాంతాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పొరుగు పారిష్‌కు బిచ్చానికి బయలుదేరిన పేదవాడు రహదారి మీద పెట్టిన మొదటి అడుగుతోనే ప్రభుత్వానికి సమ్మతి తెలిపాడు. ఆ ప్రభుత్వం అదే అడుగుకు అతన్ని పట్టుకుని ఓడ ఎక్కించవచ్చు. ఒక్క అడుగుకు ఒప్పందమూ శిక్షా రెండూ దొరికాయి. నిద్రపోయేవాణ్ణి ఓడలోకి మోసుకెళ్లిన కథ కోసం హ్యూమ్ అంత కష్టపడి ఊహించవలసిన పనే లేదు, మెలకువగా ఉన్నవాణ్ణి తీసుకెళ్లే పద్ధతి యాభై ఏళ్ల ముందే కాగితం మీద ఉంది.

ఇక రచయిత సొంత సమ్మతి సంగతి. ఆ పుస్తకం తనదని లాక్ బహిరంగంగా ఒప్పుకోలేదు, ఆ సంగతి కదిపిన పాత మిత్రుడు జేమ్స్ టిరెల్ మీద విసుక్కున్నాడు. ఏమేం చదవాలో అడిగిన రిచర్డ్ కింగ్ అనే మతాచార్యుడికి 1703లో జవాబు రాస్తూ, ఆస్తి విషయం ‘టూ ట్రీటిసెస్ ఆఫ్ గవర్నమెంట్’ అనే పుస్తకంలో వివరించినంత స్పష్టంగా తనకు మరెక్కడా కనబడలేదని, ఎవరో పరాయి మనిషి రచనను మెచ్చుకున్నట్టు మెచ్చుకున్నాడు. పద్నాలుగేళ్ల ఆ మౌనాన్ని అంగీకారంగా తీసుకునే హక్కు ఆయన ఎవరికీ ఇవ్వలేదు. 1704 సెప్టెంబరులో, చనిపోవడానికి కొన్ని వారాల ముందు, వీలునామాకు జోడించిన అనుబంధంలో ఆ పుస్తకం తనదేనని స్పష్టంగా, రాతపూర్వకంగా, సంతకం చేసి మరీ ఒప్పుకున్నాడు.