మాస్కు అంచున మిగిలే ఖాళీ

కొవిడ్ కాలంలో మాస్కులపై సాగిన వాదనలన్నీ దాదాపు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: అవి పనిచేస్తాయా, చేయవా? తిరకాసు ఆ ప్రశ్నలోనే ఉంది. మాస్కు గుడ్డ గాలిలోని కణాలను ఎంతవరకు పట్టి ఉంచుతుందన్నది ఒక సంగతి. అది ఒక మనిషి ముఖానికి ఎంత బిగువుగా అమరుతుందన్నది ఇంకొకటి. మాస్కు పెట్టుకోమని ఊరందరికీ చెబితే ఊళ్లో జబ్బు ఎంత తగ్గుతుందన్నది పూర్తిగా వేరే లెక్క. ఈ మూడింటినీ కలగాపులగం చేయడం వల్లే, ఒకే అధ్యయనాన్ని ఇరుపక్షాలూ తమ సాక్షిగా నిలబెట్టుకోగలిగాయి.

వైరస్ పరిమాణం 0.1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుందని, మాస్కు రంధ్రాలు అంతకన్నా పెద్దవి కాబట్టి దానితో వైరస్‌ను ఆపాలనుకోవడం దోమతెరతో దుమ్మును ఆపాలనుకోవడమేనని అప్పట్లో చాలామంది వాదించారు. వినడానికి సబబుగానే ఉన్నా ఈ వాదన తప్పు, ఎందుకంటే ఎన్95 వంటి మాస్కు జల్లెడలా పనిచేయదు. పెద్ద కణాలు గాలితో పాటు మలుపు తిరగలేక పోగులకు గుద్దుకుంటాయి. మరీ చిన్నవి తిన్నగా పోకుండా అటూ ఇటూ కదులుతూ ఏదో ఒక పోగుకు అంటుకుంటాయి. దీనికి తోడు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులకు ఎక్కించిన విద్యుదావేశం కణాలను తనవైపు లాగుతుంది. పట్టుకోవడానికి అన్నిటికన్నా కష్టమైనవి సుమారు 0.3 మైక్రాన్ల కణాలు. అందుకే పరీక్ష ఆ పరిమాణం దగ్గరే పెడతారు. వాటిలో కనీసం 95 శాతాన్ని ఆపగలిగితేనే ఆ పేరు దక్కుతుంది. పైగా వైరస్ ఒంటరిగా ప్రయాణించదు, శ్వాస నుంచి వెలువడే తేమ కణాల్లో ఇమిడి వస్తుంది.

అయితే ఇదంతా గాలి ఆ గుడ్డలోంచే లోపలికి వెళ్లినప్పటి మాట. గాలి సులువైన దారి వెతుక్కుంటుంది. సర్జికల్ మాస్కు గుడ్డ నాణ్యమైనదే అయినా బుగ్గల పక్కన, ముక్కు పైన ఖాళీలు మిగులుతాయి, పీల్చే గాలిలో కొంత వడపోత లేకుండానే వాటిలోంచి లోపలికి చేరుతుంది. ఊపిరి వదిలిన ప్రతిసారీ కళ్లద్దాలపై ఆవిరి కమ్ముతోందంటే ముక్కు దగ్గర దారి తెరిచి ఉన్నట్టే. గుబురు గడ్డం ఉంటే ఎన్95 కూడా సరిగ్గా అతుక్కోదు.

ఇక మూడో ప్రశ్న. దీనిపై జరిగిన ప్రయోగాల్లో మన పరిస్థితులకు దగ్గరగా ఉన్నది బంగ్లాదేశ్‌ది. 2020 నవంబరు నుంచి 2021 ఏప్రిల్ వరకు 600 గ్రామాల్లో, 3.4 లక్షలకు పైగా వయోజనులతో దీన్ని నిర్వహించారు. సగం గ్రామాల్లో మాస్కులు ఉచితంగా పంచి, పెట్టుకోమని పదేపదే గుర్తుచేశారు. మాస్కు సరిగ్గా ధరించేవారు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. లక్షణాలు కనిపించి, రక్తపరీక్షలో నిర్ధారణ అయిన కొవిడ్ సుమారు 9 శాతం తగ్గింది. సర్జికల్ మాస్కులు పంచిన గ్రామాలను విడిగా చూస్తే తగ్గుదల 11 శాతం, అక్కడే 60 ఏళ్లు దాటినవారిలో 35 శాతం. గుడ్డ మాస్కుల ప్రభావం మాత్రం గణాంకపరంగా నిలబడలేదు.

ఈ 11 శాతాన్ని మాస్కు బలంగా చదివినవారు పొరబడ్డారు. ప్రచారం తర్వాత కూడా సగానికి పైగా జనం ముఖాలపై మాస్కు సరిగ్గా లేదు కాబట్టి, అది ప్రచారం సాధించిన ఫలితమే తప్ప, మాస్కు తొడిగిన ఒక మనిషికి దక్కిన రక్షణకు కొలత కాదు. ధరించినవారి నుంచి ఇతరులకు సోకకపోవడం వల్ల కలిగిన మేలు కూడా అందులో కలిసే ఉంది. విమర్శకుల మాటనూ కొట్టిపారేయలేం: ఆ గ్రామాల్లో భౌతిక దూరం పాటించేవారు కూడా సుమారు 5 శాతం పాయింట్లు పెరిగారు, ఎవరికి మాస్కులు అందాయో అందరికీ తెలుసు, కాబట్టి తగ్గుదలంతా మాస్కుల వల్లేనని చెప్పలేం.

డెన్మార్క్‌లో 2020 ఏప్రిల్, మే నెలల్లో జరిగిన ప్రయోగం ధరించినవారి రక్షణనే నేరుగా అడిగింది. మాస్కు ఇచ్చినవారిలో 1.8 శాతానికి, ఇవ్వనివారిలో 2.1 శాతానికి కొవిడ్ సోకింది. ఇంత చిన్న తేడాతో ఏ నిర్ణయానికీ రాలేం. సూచనల ప్రకారం పూర్తిగా ధరించామని చెప్పినవారు సగం మంది కూడా లేరు. వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2023లో వెలువరించిన సమీక్షను 'మాస్కులు వ్యర్థం' అన్నదానికి రుజువుగా ప్రచారం చేసినప్పుడు, ఆ అర్థం సరికాదని సంస్థ ప్రధాన సంపాదకురాలే వివరణ ఇవ్వాల్సి వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఏప్రిల్‌లో మనిషికి 3 చొప్పున 16 కోట్ల గుడ్డ మాస్కులు పంచాలని ప్రభుత్వం నిర్ణయించింది. తెలంగాణలో మాస్కు లేకుంటే రూ.1,000 జరిమానా అన్నారు. ఎన్95లు వైద్యులకే సరిపోని ఆ రోజుల్లో గుడ్డ మాస్కును తప్పుపట్టలేం. కానీ సరఫరా కుదుటపడ్డాక కూడా పోలీసు చూసింది ముఖంపై ఏదో ఒక గుడ్డ ఉందా లేదా అన్నదే. కండువా చుట్టుకున్నవారూ, ఎన్95 తొడుక్కున్నవారూ జరిమానా దృష్టిలో ఒక్కటే అయ్యారు, వారు పీల్చిన గాలి మాత్రం ఒక్కటి కాదు. పొదుపు కోసం ఎన్95ను సబ్బు నీళ్లలో ఉతికి ఆరేసినవారూ తక్కువేమీ కాదు. అలా ఉతికితే ఆ పోగుల్లోని విద్యుదావేశం దెబ్బతింటుందని చెప్పే ఒక్క వాక్యం జరిమానా బోర్డుల పక్కన ఉండి ఉంటే, ఆ పొదుపు ఎంత ఖరీదైనదో వారికి తెలిసేది.