మాలీ పౌడర్ గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ మాలిబ్డినం డైసల్ఫైడ్ గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం, నా రైఫిల్ గొట్టం (బ్యారెల్) క్షేమం కాదు.

టెక్సస్‌లో 1000 గజాల రైఫిల్ షూటింగ్ మొదలుపెట్టినవాడికి ఎవరో ఒక పెద్దాయన మీ మహిమ చెబుతాడు. 1990ల చివర్లో మీరంటే ఇక్కడ పూనకమట. మీరు జారుడు పుట్టించే నల్లటి పొడి కదా, బుల్లెట్‌కి మీ పూత పూస్తే రాపిడి తగ్గుతుంది, బుల్లెట్ తొడుగులోని రాగి గొట్టానికి అంటుకోదు, బ్యారెల్ చిరంజీవి. నమ్మాను. గంటల తరబడి బుల్లెట్లని మీలో దొర్లించాను. ఫ్రిజ్ తలుపు మీద నల్లటి వేలిముద్రలు చూసి మా ఆవిడ "బొగ్గుల కొట్లో చేరారా?" అంది.

రాపిడి తగ్గింది, కాదనను. దాంతోపాటే లోపలి ఒత్తిడీ తగ్గి, బుల్లెట్ వేగం సెకనుకి 40 అడుగులు పడిపోయింది. పోయిన వేగం రావాలంటే తూటాలో తుపాకి మందు పెంచాలి. పెంచాను. మందు పెరిగితే మంటా పెరుగుతుందని మీరు చెప్పలేదు, నేనడగలేదు.

అసలు బ్యారెల్‌ని తినేది రాపిడి కాదండీ, మంట. బుల్లెట్ వెనక చెలరేగే వాయువుల వేడి ఉక్కు కరిగే వేడిని మించిపోతుంది. ఛాంబర్ (తూటా కూర్చునే గది) దాటగానే ఉండే గొంతుకే మొదటి దెబ్బ. మొన్న బోర్‌స్కోప్ (గొట్టం లోపలికి చూసే సన్నటి పరికరం) పెట్టి చూస్తే ఎండాకాలం చెరువు అడుగులా బీటలు. ఇల్లు అంటుకుంటే గడపకి పసుపు రాసినట్టుంది మీ సేవ.

6.5 క్రీడ్‌మూర్ అనే రకం తూటా పేల్చే నా రైఫిల్ బ్యారెల్ 2,400 గుళ్లకే చేతులెత్తేసింది. గుండు గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యో వంతు, లేదా ఇంకాస్త. లెక్కేస్తే, వందల డాలర్ల ఉక్కు మొత్తం సర్వీసు మూడు సెకన్లు, అటూ ఇటూగా! (మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం కొట్టింది గాలి ఒత్తిడితో పేలే ఎయిర్ రైఫిల్‌తో. మంట లేదు, మీరూ అక్కర్లేదు. అదృష్టవంతుడు.)

మీ పెద్దన్న క్రోమ్ మాత్రం మిలిటరీ గొట్టాల్లో లోపలి పూతగా నిజంగానే మంటకి ఎదురు నిలుస్తాడు. కానీ పూత అంతటా ఒకే మందంలో పడదని, గురి చెడుతుందని పోటీల్లో కాల్చే మ్యాచ్ షూటర్లు ఆయన్ని గుమ్మం ఎక్కనివ్వరు. మిమ్మల్నేమో నెత్తిన పెట్టుకున్నాం.

పాత బ్యారెల్ ఇప్పుడు పెరట్లో టమాటా మొక్కకి ఊతకర్ర.

ఇట్లు,
చేతులింకా నల్లగానే ఉన్న మీ భక్తుడు

తా.క.: బోరాన్ నైట్రైడ్ అని మరో పౌడర్ ఉందట. పని మీదే, రంగు మాత్రం తెలుపు. ఫ్రిజ్ మీద మరకలు పడవని నిన్న రాత్రే ఆర్డరిచ్చాను.