కాలదోషం పట్టిన అప్పులకు నా ప్రగాఢ సానుభూతి

అప్పు చేసినవాళ్ల కష్టాల గురించి రాసేవాళ్లున్నారు, వసూలు ఏజెంట్ల ఆగడాల గురించి రాసేవాళ్లున్నారు. కానీ ఏళ్ల తరబడి ఓ ఫైల్లోనూ, ఆ తర్వాత ఓ ఎక్సెల్ షీట్‌లోనూ నిద్రపోయి, మెలకువ వచ్చి కోర్టు గుమ్మం దాకా వెళ్లేసరికి "నీ గడువు అయిపోయిందమ్మా" అనిపించుకున్న అప్పు గురించి ఎవరైనా ఒక్క కన్నీటిచుక్క రాల్చారా? ఆ బాధ్యత నేను తీసుకుంటున్నాను.

మన దేశంలో 1963 నాటి కాలపరిమితి చట్టం అని ఒకటుంది. చేబదులో, ప్రామిసరీ నోటో, క్రెడిట్ కార్డు బాకీయో, మామూలుగా మూడేళ్లలోపు దావా వేసుకోవాలి, లేదంటే కాలదోషం పట్టినట్టే. అవతలివాడు ఆ మాట ఎత్తకపోయినా మూడో సెక్షన్ ప్రకారం జడ్జిగారే తేదీలు చూసి కొట్టేయాలి. ఇంత నిర్దయా? ఇంగ్లండులో మామూలు అప్పుకి ఆరేళ్లిస్తారు. స్కాట్లాండులో అయితే దావా గానీ ఒప్పుకోలు గానీ లేకుండా ఐదేళ్లు గడిస్తే అసలు అప్పే లేనట్టు. మన చట్టం అంతకి తెగించలేదు, అప్పు ప్రాణం తీయకుండా కోర్టుకెళ్లే కాళ్లు మాత్రం విరగ్గొట్టింది. అందుకే "కాలదోషం పట్టినా బాకీ బాకీయే సార్" అని ఏజెంటు అన్నాడంటే అబద్ధం చెప్పినట్టు కాదు, మిగతా సగం చెప్పలేదంతే.

(ఇల్లు తాకట్టు పెట్టినవాళ్లు ఇది చదివి సంబరపడకండి. అక్కడ గడువు 12 ఏళ్లు.)

ఇలాంటి ముసలి బాకీలను మూటగట్టి, రూపాయికి పైసల లెక్కన కొనుక్కునే వ్యాపారులు ఉంటారు. అమెరికాలో వీటికి జాంబీ అప్పులని ముద్దుపేరు. అక్కడ గడువు దాటిన బాకీ మీద వసూలుదారు దావా వేయకూడదు, వేస్తానని బెదిరించకూడదు అని 2021 నవంబరు 30 నుంచి ఫెడరల్ నిబంధన అమల్లోకి తెచ్చారు. బతిమాలుకోడానికి మాత్రం చాలా చోట్ల అడ్డు లేదు. ఆ బతిమాలే కళ ఎంత గొప్పదో ఓ మధ్యాహ్నం ఓ వసూలు ఏజెంటు ఫోన్ చేసినప్పుడు నాకు అనుభవమైంది.

"సార్, మీరు చదువుకున్నవారు, పెద్దమనుషులు. మొత్తం కట్టమనట్లేదు. ఒక్క చిన్న అమౌంట్, మీకు తోచినంత. ఫైల్ క్లోజ్ చేయించే పూచీ నాది."

ఎంత తియ్యటి గొంతు! పెళ్లి సంబంధం మాట్లాడేవాళ్లు కూడా నాతో అంత మర్యాదగా మాట్లాడలేదు. ఫోన్‌లోనే కరిగిపోయి "అయ్యో, తప్పకుండా" అనబోయాను. తోచినంత కట్టడంలో ఉన్న మహిమ తర్వాత తెలిసింది. గడువు లోపల కొంచెం కట్టి, ఆ చెల్లు కింద సంతకం పెడితే, లేదా "బాకీ ఉన్న మాట నిజమే" అని రాసి సంతకం చేస్తే, గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలు. గడువు దాటాక ఆ పప్పులు ఉడకవు, కానీ "కడతాను" అని కొత్తగా రాసి సంతకం పెడితే కాంట్రాక్ట్ చట్టం 25వ సెక్షన్ ప్రకారం అది కొత్త ఒప్పందం. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో గడువు పోయాక చిన్న మొత్తం కట్టినా చచ్చిన అప్పు లేచి కూర్చుంటుంది. అంటే అప్పుకి ఆక్సిజన్ మన మొహమాటమే.

కాబట్టి ప్రభుత్వానికి నావి కొన్ని విన్నపాలు. అప్పు వయసు అడగడం అమర్యాదగా ప్రకటించాలి. అసలు ఒప్పందం కాపీ, చివరిసారి కట్టిన తేదీ, బాకీ వసూలుదారు చేతికి ఎలా వచ్చిందో చూపించే కాగితం, ఇవి అడిగేవాళ్లను దేశభక్తి లేనివాళ్లుగా గుర్తించాలి. కోర్టు సమన్లు వస్తే చదవకుండా సోఫా కింద పడేయడం ప్రతి పౌరుడి కర్తవ్యం కావాలి. ఇప్పటికే కొందరు ఈ కర్తవ్యాన్ని స్వచ్ఛందంగా నెరవేరుస్తున్నారు. మనం వెళ్లకపోతేనే కదా, తప్పుడు తేదీలతో వేసిన దావా కూడా ఎక్స్‌పార్టీ డిక్రీగా, అంటే మన వాదన లేకుండానే ఇచ్చే తీర్పుగా మారేది! డిక్రీ చేతికొచ్చిందంటే దాని అమలుకి 12 ఏళ్లు. మూడేళ్ల ప్రాణికి పన్నెండేళ్ల ఆయుష్షు, ఇంతకన్నా మంచి వైద్యం ఎక్కడుంది?

నిజంగా తీసుకున్న బాకీ తీర్చాలనిపిస్తే గడువుతో పనేముంది, తీర్చేసుకోవచ్చు, మనశ్శాంతి కూడా. కానీ ఎవరికి తీరుస్తున్నామో తెలియాలి కదా. ఆ తియ్యటి గొంతాయన్ని నేనూ అదే అడిగాను, చివరి చెల్లింపు ఎప్పుడో, కాగితాలేవో రాసి పంపమని.

"కనుక్కుని చెప్తాను సార్" అన్నాడు. పదకొండు నెలలైంది. ఇంకో రెండేళ్ల ఒక నెల ఆగితే ఆ జవాబుకి కూడా కాలదోషం పట్టేస్తుంది.