కాలక్షేపం అనడం సరికాదు
ఫాదర్ జార్జ్ ఫోరో మీద వచ్చిన వ్యాసంలో, ఆయనకి నాచుమొక్కల (మాస్) సేకరణ చర్చి పనుల మధ్య కాలక్షేపం అని రచయిత రాశారు, దాంతో నేను ఒప్పుకోలేను. కొడైకెనాల్ దగ్గర షెంబగనూరులో ఉండిన ఈ ఫ్రెంచి జెస్యూట్ మతగురువు, పళని కొండల నాచుల మీద పనిచేసి 1961లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో వాటి వివరాలు ప్రచురించారు. ఆయన నమూనాల మీద ఇంగ్లండులో డిక్సన్, ఫ్రాన్సులో పొటియే ద లా వార్డ్ లాంటి నిపుణులు పనిచేశారు. డిగ్రీలో బోటనీ చదివినవాళ్లకు ఫ్యునేరియా అనే నాచు గుర్తుండే ఉంటుంది. ఒక్క ఆకు చింపకుండా స్లైడు మీద పెట్టేసరికి మాకు ల్యాబ్‌లో విసుగొచ్చేది. ఆకు అంచు, కణాల ఆకారం, గుళిక (సిద్ధబీజాలుండే తిత్తి) మూతి చుట్టూ ఉండే సన్నటి పళ్లు, ఇవన్నీ మైక్రోస్కోపులో చూస్తే గానీ చాలా జాతుల్ని పోల్చుకోలేం. పైగా చాలావాటికి గుళికలు ఏడాది పొడవునా ఉండవు, సరైన కాలంలో మళ్లీ కొండెక్కాల్సిందే. ఉన్న వెసులుబాటల్లా ఒక్కటే: నాచును ఎండబెట్టి కాగితం పొట్లంలో దాచుకోవచ్చు, ఏళ్ల తర్వాత తడిపినా ఆకులు విచ్చుకుంటాయి. సముద్రాలు దాటించడం అందుకే తేలిక. ఇంత ఓపిక కాలక్షేపానికి ఎవరికుంటుందండీ? ఫోరో పులుల మీద పనిచేసి ఉంటే రచయిత ఆ మాట అనేవారు కాదేమో! ఆ వ్యాసంలో షెంబగనూరు మ్యూజియం గురించి కూడా నాలుగు ముక్కలు రాసి ఉండాల్సింది.