ఆదివారం సర్ఫు, మంగళవారం చావు: జీబ్రా చేపల ఫార్వర్డుకు జవాబు

"జీబ్రా చేపలు పెంచడం ఇంత సులువా!" అని, ఇంట్లో తొట్టిలో పెంచే ఆ చిన్న చారల చేపల గురించి ఏడు పాయింట్ల మెసేజ్ ఒకటి కర్నూలు వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతోంది. పొద్దున కాలనీ గ్రూపు, మధ్యాహ్నం డిగ్రీ బ్యాచ్, రాత్రికి మా పెద్దమ్మ కొడుకు: "నీకు పనికొస్తాది చూడబ్బా." చూసినా. పనికొచ్చేది ఒక్కటుంది, చివర్లో చెప్తా.

తొట్టిని ఈశాన్యంలోనే పెట్టాలంట. ఎండ పడకుంటే పెట్టుకోండి, చేపకు దిక్కులతో పనిలేదు. ఎండాకాలం ఐసుముక్కలంట. వద్దు, నీళ్లు ఉన్నట్టుండి చల్లబడితే చేప తట్టుకోలేదు. పైన జాలీ మూత పెట్టి, నీళ్ల మీదికి టేబుల్ ఫ్యాను తిప్పండి. జాలీ ఎందుకంటే ఇవి ఎగిరి బయటపడే రకం.

"గుండ్రటి బౌల్, ఒక జంట చాలు." వాగుల్లో గుంపుగా తిరిగే చేప ఇది, ఒక్కచోట నిలవదు. రెండడుగుల పొడవు తొట్టి, కనీసం ఆరు చేపలు ఉండాల. రెండే వేస్తే బలమైనది రెండోదాన్ని రోజంతా తరుముతుంది. అది తోక చీలికలై, ఫిల్టర్ పైపు వెనక దాక్కుని, మేత వేసినా బయటికి రాదు. మీరేమో ఆడుకుంటున్నాయని వీడియో తీస్తారు.

"రాత్రి ఎయిర్ పంపు ఆపండి, కరెంటు ఆదా." 5 వాట్ల పంపును రోజూ ఎనిమిది గంటలు ఆపితే నెలకు మిగిలేది 1.2 యూనిట్లు. ఇల్లు కట్టుకోవచ్చు.

అసలు ప్రాణాలు తీసేది ఇదీ: "ప్రతి ఆదివారం నీళ్లన్నీ పారబోసి, రాళ్లనీ, ఫిల్టర్‌లోని స్పాంజ్‌నీ సర్ఫుతో తోమి, కొళాయి నీళ్లు నింపండి." చేప వదిలేది అమోనియా, అది చేపకే విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది స్పాంజ్‌కు పట్టిన ఆ గోధుమరంగు జిగురులోనే. కొత్త తొట్టిలో అది కుదురుకోను వారాలు పడుతుంది. వీళ్లు వారంవారం తోమేస్తారు! పైగా కొళాయి నీళ్లలో క్లోరిన్, అది మొప్పల్ని కాలుస్తుంది. నీళ్లు తేటగానే కనిపిస్తాయి, చేపలు మాత్రం పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. వారానికి పావువంతు నీళ్లు మార్చండి, చాలు. కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. స్పాంజ్‌ను తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. సర్ఫు బట్టలకు ఉంచండి.

దీనికి తోడు ఆరో పాయింటు: "చేప చనిపోతే ఇంటి దిష్టి తీసుకుపోయినట్టు." ఎంత సుఖం! ఆదివారం తోమడం, మంగళవారం చేప పోవడం, బుధవారం దిష్టి పోయిందని సంతోషం, గురువారం అంగడికి పోయి ఇంకో జంట. నీళ్లలో ఏముందో ఎవరూ చూడరు. వారంవారం ఇంత దిష్టి తగిలే ఇంటికి ముందు అమోనియా టెస్ట్ కిట్ ఒకటి కొనియ్యాల.

ఇక ఏడోది: "హీటర్ అక్కర్లేదు." నిజమే, ఒప్పుకుంటా. జీబ్రాలకు 18 నుంచి 25 డిగ్రీలు హాయి, మన ఇళ్లలో బాధంతా వేడితోనే. అయినా అంగళ్లలో హీటర్ అంటగడుతూనే ఉంటారు. ఈ ఒక్క మాట రాసినాయనకు దండం. ఆ డబ్బుతో ఇంకో నాలుగు చేపలు తెచ్చుకోండి.