గార్డినర్ కప్పకు చెవుడు అంటగట్టకండి

సీషెల్స్ దీవుల్లో ఉండే గార్డినర్ కప్ప ఫొటోతో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: 'ప్రపంచంలోకెల్లా చిన్న కప్ప. చెవుల్లేవు, పుట్టు చెవిటిది. తన కూత తనకే వినపడదు. నీటిగుంటలు ఎండితే పిల్లలు బతకవు. ఏ ఓడలోనో వచ్చి ఆ దీవులకు చేరింది.'

చెవుల సంగతే ముందు చూద్దాం. బయటి చెవిడొప్ప ఏ కప్పకూ ఉండదు. చాలా కప్పలకు కంటి వెనక గుండ్రంగా కర్ణభేరి కనిపిస్తుంది, దాని వెనక మధ్య చెవి ఉంటుంది. గార్డినర్ కప్పకు ఆ రెండూ లేవు. మెసేజ్‌లో నిజం అంతవరకే. లోపలి చెవి మాత్రం ఉంది. 2013లో శాస్త్రవేత్త రెనో బ్వాస్టెల్ బృందం అడవిలో స్పీకర్లు పెట్టి ఈ జాతి కూతల రికార్డింగే వినిపిస్తే, మగకప్పలు బదులు పలికాయి. వినపడకుండానే పలికాయా? కిటుకంతా నోట్లో ఉంది. నోటిలోని ఖాళీ సుమారు 5,700 హెర్ట్జ్ దగ్గర, అంటే సరిగ్గా ఈ కప్ప కూత స్థాయిలో, కంపించి శబ్దాన్ని పెంచుతుంది. నోటికీ లోపలి చెవికీ మధ్య పొర బాగా పల్చన కాబట్టి శబ్దం అట్నుంచి దాటిపోతుంది.

తన కూత తనకే వినపడనిది వేరే కప్ప. బ్రెజిల్ అట్లాంటిక్ అడవుల్లోని నారింజరంగు బ్రాకిసెఫాలస్ కప్పల్లో రెండు జాతుల గురించి 2017లో తేలిన విషయమది. అవీ చిన్నవే, అవీ రాలిన ఆకుల్లోనే తిరుగుతాయి. ఎవరో మహానుభావుడు రెండు వార్తల్నీ కలిపి కుట్టేశాడు.

అతి చిన్నదా? కాదు. ఇది సుమారు సెంటీమీటరు ఉంటుంది; 2012లో పపువా న్యూ గినీ నుంచి కొత్త జాతిగా వర్ణించిన పేడోఫ్రైన్ అమావెన్సిస్ అనే కప్ప సగటున 7.7 మిల్లీమీటర్లే.

నీటిగుంటతో దీనికి పనే లేదు. గుడ్లు తడినేల మీదే పెడుతుంది. తోకకప్ప దశ ఉండదు. గుడ్డులోంచి 3 మిల్లీమీటర్ల బుల్లికప్పే బయటికొస్తుంది. ఆకుల కింద చెమ్మ ఆరిపోతేనే ముప్పు.

ఇక ఓడ కథ. ఈ కప్ప కుటుంబంలో ఉన్నవే నాలుగు జాతులు, నాలుగూ సీషెల్స్‌వే. ఇది ఉండే మాహే, సిలువెట్ గ్రానైట్ దీవులు, సుమారు 6.5 కోట్ల ఏళ్ల కిందట భారత భూభాగం నుంచి విడిపోయిన ముక్కలు. అప్పటికి ఓడ కట్టే మనిషే లేడు. ఈ కుటుంబానికి అతి దగ్గరి చుట్టం, 2003లో వర్ణించిన ఊదారంగు కప్ప, ఇప్పటికీ మన పడమటి కనుమల మట్టిలోనే ఉంటోంది.